షెడ్డులో పుట్టే విమానం

జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల పల్లెల్లో విమానమంటే దుబాయే. సారంగాపూర్ మండలంలో ఏ వాడకు వెళ్లినా గల్ఫ్‌కు పోయొచ్చినవాళ్లు కనిపిస్తారు. శంషాబాద్‌లో ఎక్కడం, ఎడారి దేశంలో దిగడం, ఏళ్ల తర్వాత తిరిగి రావడం... విమానంతో ఇక్కడివాళ్ల సంబంధం టికెట్టు దగ్గర మొదలై టికెట్టు దగ్గరే ఆగిపోతుంది. కానీ వీళ్లలో ఎంతోమంది అక్కడ చేసే పనులేమిటి? రేకు కొలిచి కోయడం, వంచడం, డ్రిల్లు వేయడం, రివెట్టు కొట్టడం, పైపులు వెల్డింగ్ చేయడం. చిన్న విమానం కట్టడానికి కావలసిన చేతిపనులు కూడా ఇవే.

ఇది గాలిలో మేడ కాదు. అమెరికాలో మామూలు మనుషులు స్వయంగా కట్టుకున్న విమానాలు 30 వేలకు పైగా రిజిస్టరై ఉన్నాయి. కట్టినవాళ్లలో టీచర్లున్నారు, మెకానిక్కులున్నారు, రైతులున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు. కారు పెట్టుకునే షెడ్డే వాళ్ల కార్ఖానా. వీటిని హోమ్‌బిల్ట్ విమానాలంటారు. అక్కడి చట్టం పెట్టిన షరతు కూడా తేలికగా అర్థమయ్యేదే: విమానం పనిలో సగానికి మించి ఔత్సాహికులే చేయాలి, అదీ నేర్చుకోవడానికో సరదాకో అయ్యుండాలి. దీనికే 51 శాతం నిబంధన అని పేరు. కంపెనీ పంపిన కిట్‌ను విప్పి జోడించినా సరే, నక్షా ఒక్కటే కొనుక్కుని రేకు నుంచి మొదలుపెట్టినా సరే.

ఇలా కట్టుకుంటే ఖర్చెందుకు తగ్గుతుందో తెలిస్తే అసలు విషయం అర్థమవుతుంది. ఫ్యాక్టరీ విమానం ధరలో పెద్ద వాటా కూలిది, ధ్రువీకరణ పరీక్షలది, కంపెనీ మోసే బాధ్యతది. హోమ్‌బిల్ట్‌లో ఆ కూలి యజమానే పెడతాడు. దక్షిణాఫ్రికా కంపెనీ స్లింగ్ తయారుచేసిన నాలుగు సీట్ల కిట్‌ను కోవిడ్ రోజుల్లో ఇంగ్లాండ్‌లోని తన ఇంటి దగ్గర జోడించుకున్న కేరళ ఇంజినీరు అశోక్ తామరాక్షన్‌కు సుమారు 1,500 గంటల పని పట్టింది. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు, సెలవు రోజులు మాత్రమే కేటాయించేవాళ్లకు ఇదే పని కొన్నేళ్ల ముచ్చట. డబ్బు తక్కువున్నవాడు ఇక్కడ ఓపికను పెట్టుబడి పెడతాడు. రేకు మందంలో, బోల్టు నాణ్యతలో, లెక్కల్లో మాత్రం ఏ కోతా పనికిరాదు.

వెదురు నుంచి అల్యూమినియం దాకా

ఈ కథ విమానమంత పాతది. బ్రెజిల్‌కు చెందిన అల్బెర్టో సాంటోస్ డ్యూమాంట్ పారిస్‌లో ఉంటూ డెమాయిసెల్ అనే బుల్లి విమానం చేశాడు. వెదురు బొంగులతో ఒళ్లు, పట్టుగుడ్డతో రెక్కలు. దానికి ఆయన పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా కట్టుకోవచ్చన్నాడు. 1910లో పాపులర్ మెకానిక్స్ పత్రిక దాని నక్షాలు అచ్చువేసింది. 1929లో అమెరికాలోని మిన్నెసోటాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజిను బిగించిన చెక్క విమానం ఎగరేశాడు. ఎయిర్ క్యాంపర్ అనే ఆ విమానాన్ని అవే నక్షాలతో ఇప్పటికీ కడుతున్నారు.

ఆ తర్వాత వచ్చిన ఫ్రెంచివాడు ఆన్రీ మిన్యే కథ మాత్రం వేరు. మేకుతో పెట్టె చేయగలవాడెవడైనా విమానం చేయగలడన్న ధీమాతో ఆయన 1933లో ఫ్లయింగ్ ఫ్లీ అనే విమానాన్ని ఎగరేశాడు. మరుసటి ఏడాది వచ్చిన ఆయన పుస్తకం యూరప్‌ను ఊపేసింది. వందలమంది కట్టడం మొదలుపెట్టారు. వెంటనే ప్రమాదాలూ మొదలయ్యాయి. ముక్కు కిందికి వాలినప్పుడు పైలట్ కర్రను ఎంత వెనక్కి లాగినా విమానం లేచేది కాదు, ఇంకా కిందికే వాలేది. విమానాన్ని పెద్ద గాలిసొరంగాల్లో పెట్టి పరీక్షించాక లోపం బయటపడింది. ముందు రెక్క, వెనక రెక్క మరీ దగ్గరగా ఉండటంతో ఒకదాని గాలి ఇంకోదాని మీద పడి విమానాన్ని కిందికే తోస్తోంది. 1936 నాటికి ఎగరనివ్వడం ఆపేశారు. కట్టినవాళ్ల పనితనంలో లోటు లేదు. లోటు రూపకల్పనలో ఉంది. చేతిపని ఎంత గొప్పదైనా తప్పు లెక్కను సరిదిద్దలేదు.

ఆ పాఠం నేర్చుకున్నాకే ఉద్యమం గట్టిపడింది. 1953లో అమెరికాలోని మిల్వాకీలో పాల్ పోబరెజ్నీ ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ స్థాపించాడు. ఏటా జులైలో ఓష్‌కోష్ ఊళ్లో ఆ సంఘం జరిపే జాతరకు వేలాది విమానాలు దిగుతాయి. అనుభవమున్న సభ్యులు కొత్తవాళ్ల షెడ్లకు వెళ్లి పని చూసి సలహాలిస్తారు, పైసా తీసుకోకుండా. బ్రిటన్‌లో లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇన్‌స్పెక్టర్లు దశ దశకూ వచ్చి చూసి సంతకం పెడితేనే పని ముందుకు సాగుతుంది. రెక్క మూసేముందు లోపలి రివెట్లు ఇంకొకరి కళ్లతో చూడాలన్నది ఆ పద్ధతికి ప్రాణం.

మన ఆకాశంలో

మన దేశానికి ఈ విద్య కొత్త కాదు. కాన్‌కార్డ్ విమానం మీద పనిచేసిన ఫ్రెంచి ఇంజినీరు క్రిస్ హైంజ్ తర్వాత కెనడాలో జెన్ఎయిర్ కంపెనీ పెట్టి, 1986లో సీహెచ్-701 అనే రెండు సీట్ల విమానాన్ని రూపొందించాడు. ఔత్సాహికులు షెడ్డులో కట్టుకోవడానికి గీసిన నక్షా అది. రెక్క ముందు అంచున స్థిరంగా బిగించిన సన్నటి పట్టీ, రెక్కకూ దానికీ మధ్య నుంచి గాలిని పంపుతుంది. దాంతో వేగం బాగా తగ్గినా రెక్క పట్టు తప్పదు. పొలం గట్టంత జాగాలోంచి లేచేలా ఉంటుంది దాని పరుగు. ఆ విమానమే మన ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో కేడెట్లకు మొదటి పాఠాలు చెప్పింది. నీలం యూనిఫారం వేసుకున్న కాలేజీ పిల్లల్లో ఎంతోమంది ఎక్కిన తొలి విమానం, నిజానికి ఇంట్లో కట్టుకునే విమానమే. తర్వాత 2015లో భారత వాయుసేన స్లోవేనియాకు చెందిన పిపిస్ట్రెల్ కంపెనీ నుంచి 194 వైరస్ ఎస్‌డబ్ల్యూ-80 మైక్రోలైట్లకు ఆర్డరిచ్చింది. వాటిలోనూ ఎక్కువ భాగం ఎన్‌సీసీకే.

పక్క రాష్ట్రంలోని బెంగళూరులో జోయెల్ కెష్లాఁ అనే ఫ్రెంచివాడు రాజహంస అల్ట్రాలైట్స్ స్థాపించాడు. అక్కడ తయారైన ఎక్స్-ఎయిర్ అల్యూమినియం గొట్టాల చట్రం మీద పాలియెస్టర్ గుడ్డ తొడిగిన విమానం. దాని కిట్లు యూరప్‌కూ వెళ్లాయి. అక్కడి ఔత్సాహికులు భారతదేశం నుంచి వచ్చిన పెట్టెలు విప్పి, జోడించుకుని ఎగిరారు. చౌకగా, దృఢంగా, సులువుగా నడపగలిగేలా చేయడంలో మనవాళ్ల పనితనం ఏపాటిదో దాంతో తెలిసింది.

ఎక్స్-ఎయిర్ గుడ్డ మాట వచ్చింది కాబట్టి సిరిసిల్ల గురించి చెప్పుకోవాలి. మరమగ్గాల మీద పాలియెస్టర్ నేసే ఊరది. చిన్న విమానాల రెక్కల మీద కప్పేదీ పాలియెస్టరే. అయితే అది మార్కెట్లో దొరికే గుడ్డ కాదు. నేసిన తర్వాత వేడితో బిగించకుండా అలాగే ఉంచిన పచ్చి గుడ్డ. కప్పాక ముడుచుకోవాలి కాబట్టి అలా ఉంచుతారు. గుడ్డను రెక్క చట్రానికి జిగురుతో అంటిస్తారు. వదులు వదులుగానే ఉంటుంది. అప్పుడు ఇస్త్రీపెట్టె తెస్తారు. థర్మామీటరుతో సరిచూసుకుని మొదట 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చివరికి 177 డిగ్రీల దగ్గర మెల్లగా తడుముతారు. చూస్తుండగానే ముడతలు పోయి గుడ్డ డప్పులా బిగుస్తుంది. ఆ వేడి దాటితే మాత్రం పట్టు సడలిపోతుంది, మళ్లీ బిగించే దారి లేదు. తర్వాత ఎండ నుంచి కాపాడే పూతలు పూస్తారు. అతినీలలోహిత కిరణాలు తగిలితే పాలియెస్టర్ నెమ్మదిగా చచ్చుబడిపోతుంది. ఇదంతా సిరిసిల్ల నేతగాడికి అర్థంకాని శాస్త్రమేమీ కాదు. పోగు బలం, నేత సాంద్రత, వేడికి ముడుచుకునే శాతం ప్రతి మీటరుకూ ఒకేలా ఉన్నాయని పరీక్షించి రాసివ్వడమే అసలు కష్టం.

రివెట్టు పెట్టే పద్ధతి

అల్యూమినియం విమానంలో పని ఇంకోలా ఉంటుంది. సీహెచ్-701 ఒంటి మీది రేకు మందం చాలాచోట్ల అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. 6061-టీ6 అనే మిశ్రలోహం. నక్షా చూసి గీత గీసి, రంధ్రం వేసి, రెండు రేకులూ జరగకుండా క్లీకో అనే స్ప్రింగు పిన్నులతో పట్టుంచుతారు. అంతా బిగిశాక మళ్లీ విప్పాల్సిందే. రంధ్రం అంచుల్లో లేచిన బర్‌ను గీకేసి, తుప్పు పట్టకుండా ప్రైమరు పూసి, మళ్లీ జోడించి, అప్పుడు రివెట్టు లాగుతారు. అంచున మిగిలిన చిన్న బర్ ఏళ్ల తరబడి అదురుడుకు పగులుగా మారవచ్చు. అందుకే ఒక్క రోజులో చేయగలిగిన పనికి వారం తీసుకునేవాళ్లే మంచి పనివాళ్లు. రంధ్రం వంకరగా పడితే ఆ ముక్కను పారేసి కొత్తది చేయడానికి వెనకాడకూడదు. పదేళ్లు సౌదీలో రేకు పని చేసి వచ్చిన మేస్త్రీకి ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఖర్చులో పెద్ద భాగం ఇంజినుది. ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్ 912 ఈ తరహా విమానాల్లో ఎక్కువగా కనిపించే ఇంజిను. 80, 100 హార్స్‌పవర్ రకాల్లో దొరుకుతుంది. బంకులో దొరికే పెట్రోలుతో నడుస్తుంది. గంటకు సుమారు 15 నుంచి 20 లీటర్లు తాగుతుంది. కొత్తది కొనాలంటే పన్నులు, రవాణా కాకుండానే దాదాపు 20 లక్షల రూపాయలు. అందుకే చాలామంది కారు ఇంజిన్ల వైపు చూస్తారు. పీటెన్‌పోల్ చేసింది అదే కదా అంటారు. కానీ కారు ఇంజిను రోడ్డు మీద ఎప్పుడో ఒకసారి పూర్తి బలం చూపిస్తుంది. విమానంలో అది పైకెక్కేటప్పుడు నిమిషాల తరబడి పూర్తి బలంతో, ఆ తర్వాత గంటల తరబడి మూడొంతుల బలంతో నడవాలి. చల్లదనం, ఇంధనపు గొట్టాలు, ప్రొపెల్లరుకు బలాన్ని అందించే గేరు పెట్టె... తేడా వస్తే ఇక్కడే వస్తుంది.

ఆశయం సరే, లెక్క ఏది?

2019లో పాకిస్తాన్ పంజాబ్‌లో పాప్‌కార్న్ అమ్ముకునే మహమ్మద్ ఫయ్యాజ్ విమానం కట్టాడు. రోడ్డు కోసే యంత్రం ఇంజిను, గోనెగుడ్డ రెక్కలు, ఆటోరిక్షా చక్రాలు. ఊళ్లో జనం గుమిగూడారు, పోలీసులు అరెస్టు చేశారు, కోర్టు 3,000 రూపాయల జరిమానా వేసింది. కేరళలో తొడుపుళకు చెందిన సాజి థామస్ పుట్టుకతోనే వినలేని, మాట్లాడలేని మనిషి. పెద్ద చదువు లేకున్నా ఏళ్ల తరబడి కష్టపడి చిన్న విమానం కట్టాడు. అనుభవమున్న పైలట్ దాన్ని తమిళనాడులో ఎగరేసి చూశాక దేశం ఆయన పేరు విన్నది. ముంబయిలో కెప్టెన్ అమోల్ యాదవ్ కాందివలిలో ఉన్న తమ అపార్టుమెంటు మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016 ఫిబ్రవరిలో మేకిన్ ఇండియా వారోత్సవంలో ప్రదర్శనకు పెట్టేందుకు దాన్ని క్రేనుతో కిందికి దించాల్సి వచ్చింది. వీటీ-ఎన్‌ఎండీగా రిజిస్ట్రేషన్ 2017 నవంబరులో అయింది. ఎగరడానికి పర్మిట్ 2019 అక్టోబరులో చేతికొచ్చింది.

ఈ ముగ్గురి పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. అయితే ముగ్గురి దారి ఒకటి కాదు. ఫయ్యాజ్‌కు చేయందించే సంఘం లేదు, చూసే ఇన్‌స్పెక్టరు లేడు. సాజికి ఆలస్యంగానైనా అనుభవజ్ఞుల అండ దొరికింది. యాదవ్ స్వయంగా పైలట్, కాగితం పనికే ఏళ్లు ధారపోశాడు. ప్రతిభ ఊరూరా ఉంటుంది. దాన్ని ప్రాణాలతో నిలబెట్టే ఏర్పాటు ఉందా లేదా అన్నదే తేడా. కరీంనగర్ పాత జిల్లా కుర్రాళ్లు ఫోనులో వీడియోలు చూసి, పాత బైకు ఇంజినుతో రెక్కలు కట్టాలని ఉబలాటపడితే వాళ్లను నవ్వులపాలు చేయడం తప్పు. అలాగే చప్పట్లు కొట్టి ఎగరమనడం అంతకంటే పెద్ద తప్పు.

ఎందుకంటే లెక్కలు కఠినంగా ఉన్నాయి. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అక్కడి జనరల్ ఏవియేషన్ (విమాన కంపెనీల సర్వీసులు కాని) విమానాల్లో హోమ్‌బిల్ట్ వాటా దాదాపు 10 శాతం. 2011లో ప్రమాదాల్లో వాటి వాటా 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం. ఇంజిను ఆగిపోవడం, గాలిలో అదుపు తప్పడం ముఖ్య కారణాలు. కొత్త విమానం మొదటి గంటల్లోనూ, ఇంకొకరు కట్టినది కొనుక్కున్నవాళ్లు ఎగిరే తొలి రోజుల్లోనూ గండం ఎక్కువ. అక్కడ కొత్త విమానాన్ని 25 నుంచి 40 గంటలపాటు జనావాసాలకు దూరంగా, ప్రయాణికుల్ని ఎక్కించుకోకుండా పరీక్షించాలన్న నియమం పెట్టింది ఇందుకే.

అదుపు తప్పడం అంటే ఎక్కువసార్లు స్టాల్. వేగం తగ్గేకొద్దీ పైలట్ ముక్కును పైకి ఎత్తుతాడు. గాలికి రెక్క చేసే కోణం ఒక హద్దు దాటగానే రెక్క పైభాగంలో గాలి అతుక్కుని పారడం మానేసి చెదిరిపోతుంది, లేపే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది. భూమికి వెయ్యి అడుగుల పైన ఉంటే సరిదిద్దుకోవచ్చు. దిగడానికి మలుపు తిరుగుతూ నాలుగు వందల అడుగుల్లో ఉంటే సమయం చాలదు. బరువు వెనక్కి జరిగిన విమానంలో ఇది ఇంకా ప్రమాదం. అందుకే మొదటిసారి ఎగిరేముందు మూడు చక్రాల కిందా మూడు కాటాలు పెట్టి తూస్తారు. ఏ చక్రం మీద ఎంత బరువు పడిందో రాసుకుని, ఒక నిర్ణీత బిందువు నుంచి ప్రతి చక్రం దూరంతో గుణించి, వచ్చినవాటిని కూడి, మొత్తం బరువుతో భాగిస్తే గరిమనాభి ఎక్కడుందో తెలుస్తుంది. పదో తరగతి విద్యార్థి చేయగల లెక్క. నక్షాలో చెప్పిన హద్దుకు అది రెండు అంగుళాలు వెనక్కి ఉన్నా విమానం నేల మీదే ఉండాలి.

కాగితం కూడా విమానంలో భాగమే

మన దేశంలో ఈ విమానాలన్నీ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ పరిధిలోకి వస్తాయి. వీటీ అక్షరాలతో రిజిస్ట్రేషన్, ఎగరడానికి అనుమతి, పైలట్‌కు లైసెన్సు లేకుండా సొంత పొలంలోంచి లేచినా నేరమే. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్ల వయసు, పదో తరగతి, కనీసం 40 గంటల శిక్షణ ఉండాలి. వీటికి తోడు భద్రతా అనుమతులు, గగనతల ఆంక్షలు, ఎక్కడి నుంచి ఎగరాలన్న ప్రశ్న.

జగిత్యాలకు దగ్గర్లో బసంత్‌నగర్ రన్‌వే ఉంది. కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ అవసరాలకు వేసిన ఆ పట్టీ మీద ఒకప్పుడు వాయుదూత్ విమానాలు దిగాయి. నిజాం కాలంలో వేసిన వరంగల్ మామునూరు రన్‌వే కూడా ఉంది. పెద్ద విమానాశ్రయాల ప్రణాళికలు వేసేటప్పుడు ఇలాంటి చోట్ల తేలికపాటి విమానాలకు వారానికి కొన్ని గంటలు, ఒక షెడ్డు జాగా కేటాయించడం పెద్ద ఖర్చు కాదు. రాయికల్, ధర్మపురి వైపు గోదావరి ఒడ్డున కోతలయ్యాక మైదానంలా కనిపించే పొలాల్లో కరెంటు తీగలు, బోరు మోటార్ల స్తంభాలు అడుగడుగునా ఉంటాయి. ఎక్కడపడితే అక్కడ లేవొచ్చనుకోవడం కేవలం ఫొటోలు చూసి కలిగే భ్రమ.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో విమాన కిట్లు చేసే జెనిత్ కంపెనీ కొత్తవాళ్లకు రెండు రోజుల రడ్డరు వర్క్‌షాపు నడుపుతుంది. విమానం తోకకు బిగించే రడ్డరు ఒక్కటే, మొత్తం కిట్ కాదు. వచ్చినవాళ్లు నక్షా చదవడం, రేకు గీయడం, క్లీకోలు పెట్టడం, రివెట్టు లాగడం నేర్చుకుని తాము చేసిన రడ్డరును చేతపట్టుకుని వెళ్తారు. తర్వాత పూర్తి విమానం కట్టాలా వద్దా అన్నది అప్పుడు నిర్ణయించుకుంటారు. ఈ పని తనకు కాదని రెండో రోజుకే తెలుసుకున్నవాడికి లక్షలు మిగులుతాయి.

ఇలాంటి వర్క్‌షాపు కొండగట్టు దగ్గర నాచుపల్లిలో ఉన్న జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో పెట్టడానికి అడ్డేమీ లేదు. మెకానికల్ విద్యార్థులు, గల్ఫ్ నుంచి వచ్చిన ఫ్యాబ్రికేటర్లు, ఎన్‌సీసీ పిల్లలు ఒకే బల్ల దగ్గర నిలబడవచ్చు. సిరిసిల్ల నుంచి ఇద్దరు నేతగాళ్లను పిలిచి గుడ్డ బిగించడం మీద ఒక పూట పెట్టవచ్చు. వాయుసేనలో, విమాన కంపెనీల్లో పనిచేసి రిటైరైన ఇంజినీర్లు హైదరాబాద్‌లో ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒకరు వచ్చి తొలి రడ్డరును చేత్తో తడిమి, వంకర రివెట్లకు పెన్సిలుతో సున్నాలు చుట్టి, మళ్లీ చేయమని చెప్పినా చాలు. ఈ ప్రాంతానికి ప్రస్తుతం కావలసింది రెక్కలు ఎగరడం కాదు, ఆ పెన్సిలు పట్టుకునే మనిషి.